ఎముకల స్కాను సూదిమందు: ఆరు గంటల లెక్క



ఈవేళ నేను చెప్పబోయేది ఎరువును గురించి కాదు, పురుగుమందును గురించీ కాదు. ఆసుపత్రిలో ఇచ్చే ఒక సూదిమందును గురించి. వ్యవసాయ విస్తరణాధికారికి సూదిమందుతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఆ పని నేను కోరి తెచ్చుకున్నది కాదు, మా రైతులే తెచ్చిపెట్టారు. నారాయణఖేడ్ చుట్టుపట్ల పల్లెల్లో పొద్దంతా తిరిగేవాణ్ణి గనుక, కంది చేలో కాయ తొలిచే పురుగుకు ఏ మందు కొట్టాలని అడిగిన నోటితోనే, డాక్టరు రాసిచ్చిన చీటీ చూపించి "గిదేంది సారూ" అని కూడా అడుగుతారు. తెలిసినది చెబుతాను. తెలియనిది తెలుసుకొని వచ్చి చెబుతాను.

పోయిన యాసంగిలో శనగ చేను గట్టుమీద ఒక అక్క నన్ను ఆపింది. ఆమెకు రొమ్ములో గడ్డ లేస్తే హైదరాబాదులో ఆపరేషను చేశారు. ఆ జబ్బు ఎముకలకు పాకిందేమో చూడాలి, ఎముకల స్కాను తీయించుకు రమ్మన్నారు. రెండుసార్లు తారీఖు ఇచ్చారు, రెండుసార్లూ ఆమె ఇల్లు కదలలేదు. కారణమేమిటమ్మా అంటే ఇలా చెప్పింది.

"రేడియేషన్ మందు పెయ్యిల ఎక్కిస్తరట సారూ. ఎక్కిచ్చినంక మనిషి దగ్గరికి మనిషి రావద్దట. మా మనుమరాలు నా పక్కలనే పండుకుంటది. గా పిల్లకేమన్న అయితెనో?"

ఈ మాట వినగానే నవ్వి తీసిపారేయటానికి లేదు. పక్క ఊరిలో ఒకతనికి థైరాయిడ్ కాన్సరు వస్తే, ఆసుపత్రిలో వేరే గదిలో ఉంచి, ఇంటివాళ్లను కూడా దగ్గరికి రానీయలేదట. ఆ సంగతి ఊరూరా పాకింది. అది అబద్ధం కాదు. కాని అతనికి ఇచ్చిన మందు వేరు, ఈమెకు ఇవ్వబోయే మందు వేరు. గడ్డిమందునూ విత్తన శుద్ధి మందునూ రెండింటినీ "మందు" అనే అంటాం. అంతమాత్రాన రెండూ ఒకటి అవుతాయా?

అసలు రేడియోధార్మిక పదార్థాన్ని గుర్తుగా వాడి, ఒక ప్రాణిలో ఏది ఎక్కడికి పోతున్నదో చూసే పద్ధతి మొట్టమొదట మొదలైంది మనిషిలో కాదు, మొక్కలో. హంగేరీ దేశంలో పుట్టిన జార్జ్ హెవెసీ అనే శాస్త్రవేత్త, 1923లో కోపెన్‌హాగెన్ నగరంలో, చిక్కుడు జాతి మొక్కల వేళ్లను రేడియోధార్మికమైన సీసం కలిపిన నీళ్లలో ఉంచాడు. తరువాత వేరును, కాండాన్ని, ఆకును వేరువేరుగా పరీక్షించి, పీల్చుకున్న సీసం ఎక్కడ ఎంత ఉన్నదో కొలిచాడు. కంటికి కనిపించని పదార్థం తన జాడ తానే చెప్పింది. ఈ పద్ధతికే ఆయనకు 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో కూడా 1950లు, 1960లలో వ్యవసాయ పరిశోధకులు రేడియోధార్మిక భాస్వరం కలిపిన ఎరువు వేసి, పైరులో చేరిన భాస్వరంలో ఎరువు నుంచి వచ్చినది ఎంత, నేల నుంచి వచ్చినది ఎంత అని లెక్క తీశారు. భాస్వరం వేసిన చోటినుంచి అంతగా కదలదు, కాబట్టి పైపైన చల్లక దుక్కిలో వేరుకు అందేటట్లు వేయండి అని మేము మీ చెవిలో ఇల్లు కట్టుకొని చెప్పే మాటకు అటువంటి పరీక్షల బలం కూడా ఉన్నది.

ఎముకల స్కానుకూ భాస్వరానికీ దగ్గరి చుట్టరికం. పూర్వం మన పెద్దలు ఎముకల పొడిని చేలకు వేసేవారు గదా! ఎందుకు? ఎముక అంటే ముఖ్యంగా సున్నమూ భాస్వరమూ కలిసి గట్టిపడిన పదార్థం గనుక. భాస్వరం జాతికి చెందిన మందు ఏదైనా రక్తంలోకి పోతే, ఎముక దాన్ని తనవైపు లాక్కుంటుంది. అందులోనూ ఎముక కొత్తగా కట్టుకుంటున్న చోట, మరమ్మతు జరుగుతున్న చోట మరీ ఎక్కువగా లాక్కుంటుంది. ఎరువు వేసిన చేలో లేత చిగురు ముందుగా అందుకున్నట్లే. డాక్టర్లు చేసేది ఇంతే: ఎం.డి.పి. అనే భాస్వరం జాతి మందుకు ఒక రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి నరంలో ఎక్కిస్తారు. మందు ఎముకకు పోయి అంటుకుంటుంది. తగిలించిన పదార్థం అక్కడి నుంచి "నేను ఇక్కడున్నాను" అని కిరణాలు పంపుతుంది. పైనుంచి గామా కెమెరా ఆ కిరణాలను పట్టి బొమ్మ కడుతుంది. జబ్బు పాకిన చోట ఎముక అటూ ఇటూ అయి, చుట్టూ మరమ్మతు జోరుగా సాగుతుంది గనుక, ఆ చోటు బొమ్మలో నల్లగా తేలుతుంది.

ఆ తగిలించే పదార్థం పేరు టెక్నీషియం-99ఎం. పేరు కష్టంగా ఉన్నా గుర్తుంచుకోండి, ఇక్కడి కథంతా దానిదే. 1937లో ఇటలీలో సెగ్రే, పెరియర్ అనే ఇద్దరు టెక్నీషియం అనే మూలకాన్ని మాలిబ్డినం రేకులో కనుగొన్నారు. మాలిబ్డినం మీకు కొత్త కాదు. కంది, సోయా, శనగ వేళ్లమీది బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టటానికి చిటికెడు మాలిబ్డినం కావాలని మేము చెబుతూ ఉంటాము. ఆ లోహానికే రేడియోధార్మికమైన తమ్ముడొకడున్నాడు, మాలిబ్డినం-99. అది తనంత తాను మారిపోతూ టెక్నీషియం-99ఎం ను పుట్టిస్తుంది. చివర ఉన్న "ఎం" అక్షరానికి అర్థం, ఆ అణువు ఇంకా కుదుటపడలేదు, లోపల కొంత శక్తి దాచుకొని ఉన్నది అని. ఆ శక్తిని ఒక గామా కిరణంగా బయటికి వదిలి కుదుటపడుతుంది.

ఆసుపత్రిలో దీన్ని ఎలా తీస్తారో వింటే మీకు సంతోషమవుతుంది. సీసపు కవచం లోపల ఒక గాజు గొట్టం, అందులో అల్యూమినా పొడి, ఆ పొడికి పట్టి ఉన్న మాలిబ్డినం-99. పొద్దున్నే ఆ గొట్టం గుండా శుభ్రమైన ఉప్పునీరు పంపుతారు. మాలిబ్డినం పొడిని పట్టుకొని ఉండిపోతుంది. పుట్టిన టెక్నీషియం మాత్రం ఉప్పునీటిలో దిగి వస్తుంది. మరుసటి పొద్దుటికి మళ్లీ చేరుకుంటుంది, మళ్లీ తీస్తారు. ఈ యంత్రాన్ని ఆ శాఖవాళ్లు ప్రపంచమంతటా "ఆవు" అనే పిలుస్తారు, తీయటాన్ని "పితకటం" అనే అంటారు! ఇది నా కల్పన కాదు. 1950ల చివర అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో ఈ పాడి మొదలైంది. మాలిబ్డినం బలం 66 గంటలకు, అంటే రెండు ముప్పాతిక రోజులకు, సగమవుతుంది. కాబట్టి వారం పది రోజులయ్యేసరికి ఆవు వట్టిపోతుంది, కొత్త ఆవును తెప్పించుకోవాలి. నిల్వ పెట్టుకోవటానికి వీలులేదు. 2009లో కెనడా దేశంలో మాలిబ్డినం తయారుచేసే పాత రియాక్టరు ఒకటి మరమ్మతుకు ఆగిపోతే, ఏడాదికి పైగా ఎన్నో దేశాల ఆసుపత్రులు స్కానులు వాయిదా వేసుకోవలసి వచ్చింది. మన దేశంలో ఈ సరఫరాను చూసేది అణుశక్తి శాఖ కింద ఉన్న బ్రిట్ అనే సంస్థ. మన హైదరాబాదులో నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రులలో న్యూక్లియర్ మెడిసిన్ అని వేరే విభాగమే ఉన్నది.

ఇక మందు సంగతి. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఒకటి రెండు మిల్లీలీటర్లు ఉంటుంది. అందులో ఉన్న టెక్నీషియం బరువెంతో తెలుసా? ఒక గ్రామును వంద కోట్ల పాళ్లు చేస్తే, అందులో నాలుగు పాళ్లు. అంత సూక్ష్మమైనదే అయినా, పెద్దవాళ్లకు మామూలుగా ఇచ్చే 20 మిల్లీక్యూరీల మోతాదులో సెకనుకు 74 కోట్ల అణువులు కిరణాలు విడుస్తూ ఉంటాయి. ఈ సంఖ్య వినగానే గుండె జల్లుమంటుంది. నాకూ అంతే అయింది. కాని ఆ సంఖ్య అక్కడ నిలవదు.

దీని గుణమేమిటంటే, ప్రతి ఆరు గంటలకూ సగమవుతుంది. దీన్ని అర్ధాయువు అంటారు. ఎండలో పెట్టినా, మంచులో పెట్టినా, ఉడికించినా, మూట కట్టినా ఆ లెక్క మారదు. పొద్దున పది గంటలకు 74 కోట్లు ఉంటే, సాయంత్రం నాలుగుకు 37 కోట్లు. రాత్రి పదికి పద్దెనిమిదిన్నర కోట్లు. తెల్లవారుజామున నాలుగుకు తొమ్మిది కోట్ల పైచిల్లర. మర్నాడు పొద్దున పదికి నాలుగున్నర కోట్లు, అంటే మొదటిదానిలో పదహారో వంతు. ఇది గడియారం లెక్క మాత్రమే. మందులో సుమారు సగం ఎముకలకు అంటుకుంటుంది, తక్కినదానిలో చాలా భాగం మూత్రంలో బయటికి పోతుంది. కనుక ఒంట్లో మిగిలేది ఇంతకన్నా తక్కువే.

ఆ అక్కకు ఈ లెక్క చెబితే, "కోట్లు నాకేం తెలుసు సారూ, మా ఇంట్ల ఉన్నదానితోని చెప్పు" అన్నది. ఆమె మాట న్యాయమే. వాకిట్లో ఎర్ర పొటాషు సంచి కనబడింది. దానితోనే చెప్పాను. పొటాషులో, అది ఏ కంపెనీదైనా సరే, పుట్టుకతోనే కొంచెం రేడియోధార్మికత ఉంటుంది. పొటాషియం ఉన్నచోటల్లా అది ఉంటుంది. 50 కిలోల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ బస్తాలో సెకనుకు ఏడున్నర లక్షల అణువులు ఇలాగే మారుతూ ఉంటాయి. మనం ఆ బస్తాను భుజాన మోస్తాము, దానిమీద కూర్చొని బీడీ కాలుస్తాము (బీడీ మాత్రం మానండి). సూదిమందులోని 74 కోట్లు పదిసార్లు సగమైతే ఏడు లక్షల ఇరవై వేల చిల్లర అవుతుంది. పదిసార్లు అంటే 60 గంటలు, రెండున్నర రోజులు. మూత్రంలో పోయినదాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా సరే, రెండున్నర రోజులకు ఆమె ఒంట్లోని మందు ఒక పొటాషు బస్తాపాటికి దిగుతుంది. రెండింటి కిరణాలూ ఒకే రకం కావు, ఇది సంఖ్యకు సంఖ్య పోలిక మాత్రమే. మన ఒంట్లోనూ, తిన్న తిండినుంచి వచ్చిన పొటాషియం వల్ల, సెకనుకు నాలుగు వేలకు పైగా అణువులు పుట్టినప్పటినుంచీ మారుతూనే ఉన్నాయి.

దాపరికం లేకుండా ఇంకొకటి కూడా చెప్పాలి. టెక్నీషియం-99ఎం కుదుటపడిన తరువాత టెక్నీషియం-99 అవుతుంది. దాని అర్ధాయువు రెండు లక్షల ఏళ్లకు పైమాటే. ఈ ఒక్క ముక్క ఎక్కడో చదివి "మందు లక్షల ఏండ్లు ఒంట్లనే ఉంటదట" అని భయపెట్టేవారు ఉన్నారు. అంత నిదానంగా మారుతున్నది గనుకనే దాని కిరణాలు లెక్కలోకి రావు. ఆ మోతాదు మొత్తానికి సెకనుకు రెండు మూడు అణువులు మాత్రమే మారతాయి. వేగంగా మారేది గట్టిగా అరిచి త్వరగా ఊరుకుంటుంది, నిదానంగా మారేది గొణుగుతూ ఉంటుంది.

కిరణాల బలమూ తగినంతే. గామా కిరణం శక్తి 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఒంట్లోని కండగుండా నాలుగున్నర సెంటీమీటర్లు నడిచేసరికి సగం ఆగిపోతాయి, తక్కినవి బయటికి వచ్చి కెమెరాకు అందుతాయి. అదే సీసంలో అయితే పావు మిల్లీమీటరు చిల్లర మందమే సగాన్ని ఆపేస్తుంది. అందుకే సిరంజికి సీసపు తొడుగు వేస్తారు. మందు ఇచ్చే నర్సు గబగబా ఇచ్చి పక్కకు తప్పుకుంటుంది, స్కాను తీసేవాడు అద్దం వెనక నిలబడతాడు. మా అక్క భయానికి ఇది కూడా ఒక కారణం. "గంత మంచి మందైతే ఆళ్లెందుకు దూరం ఉరుకుతరు?" అని నిలదీసింది. రోగికి అది ఒక్కరోజు ముచ్చట. నర్సుకు రోజూ పది ఇరవైమంది, ఏడాది పొడుగునా. పురుగుమందు ఒకసారి కొట్టే రైతుకన్నా రోజూ కూలికి కొట్టే మనిషి ఎక్కువ జాగ్రత్త పడవద్దా? ఒక స్కానుకు రోగి ఒంటికి తగిలే మోతాదు సుమారు 4 మిల్లీసీవర్టులు. నేలనుంచీ ఆకాశంనుంచీ గాలినుంచీ తిండినుంచీ లోకంలో ప్రతి మనిషికీ ఏడాదికి సగటున 2.4 అందుతూనే ఉంటాయి. సున్నా కాదు, అందుకే అవసరం లేకుండా ఏ డాక్టరూ రాయకూడదు. అవసరం ఉన్నప్పుడు మానుకుంటే పోయేది అంతకన్నా చాలా ఎక్కువ.

పక్క ఊరి థైరాయిడ్ మనిషికి ఇచ్చింది అయోడిన్-131. దాని అర్ధాయువు ఎనిమిది రోజులు. పైగా ఆ మోతాదు చూడటానికి కాదు, కాన్సరు కణాలను చంపటానికి. అందుచేత అతన్ని వేరే గదిలో ఉంచటం సరైనదే. ఇదొకటి జాబితా రాయటానికి, అదొకటి కలుపు తీయటానికి.

ఇంకా ఆమె అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. బర్రె పాలు పిండవచ్చా? పిండవచ్చు. వంట చేయవచ్చా? చేతులు కడుక్కొని చేయవచ్చు. నా చెయ్యి తగిలిన గిన్నె, గడ్డి, బర్రె, వాటికీ ఈ గుణం అంటుకుంటుందా? అంటుకోదు. కందిలు వెలుతురు గోడమీద పడితే గోడ కందిలు అవుతుందా? కాదు గదా! మందు ఉన్న తడి, ముఖ్యంగా మూత్రం, అంటితే మాత్రం ఆ మందు అక్కడికి చేరినట్లే. కాబట్టి సూది వేసుకున్న రోజు మంచినీళ్లు బాగా తాగాలి, మాటిమాటికీ మూత్రానికి పోవాలి. చేను గట్టున కాక మరుగుదొడ్డిలోనే పోసి, నీళ్లు ఎక్కువగా కొట్టి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మగవారు కూడా ఆ రోజుకు కూర్చొనే పోసుకుంటే చిమ్మకుండా ఉంటుంది. ఆ రాత్రి చంటిపిల్లలను, గర్భిణులను పక్కలో పెట్టుకొని పడుకోవద్దు. దూరం రెండింతలైతే కిరణాల తాకిడి నాలుగో వంతుకు దిగుతుంది కనుక, పక్క మంచం చాలు. మర్నాటినుంచి ఎప్పటిలాగే ఉండవచ్చు. కడుపుతో ఉన్నవారు, ఉన్నారేమో అని అనుమానం ఉన్నవారు, పాలిచ్చే తల్లులు మాత్రం సూది వేయకముందే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. సిగ్గుపడి ఊరుకోవద్దు. పాలు ఎప్పటినుంచి ఇవ్వాలో వారే చెబుతారు.

మూడోసారి తారీఖు తీసుకొని అక్క బయలుదేరింది. తెల్లవారుజామున బస్సెక్కింది కాని, బస్సు దారిలో చెడిపోయి, తొమ్మిదికి ఉండవలసిన మనిషి రెండు దాటాక చేరింది. పొద్దున ఎనిమిదికి పితికి కలిపిన మందు అప్పటికి సగమైపోయింది. రేపు రమ్మన్నారు. "పైసలు గుంజనీకి తిప్పుతున్నరు" అని ఆమె కొడుకు ఫోనులో నామీదే కోప్పడ్డాడు. బాబూ, పొద్దున పితికిన పాలు ఎండలో పెట్టి సాయంత్రం తాగుతావా అన్నాను. ఆ రాత్రికి పటాన్‌చెరులో చుట్టాలింట ఆగి, మర్నాడు వేళకు ముందే పోయారు. తోటి విస్తరణ కార్యకర్తలకు నా మనవి ఇదే: మన పల్లెలనుంచి ఎవరు ఈ స్కానుకు పోతున్నా, ముందురోజే నగరం చేరమనండి. సూది వేశాక రెండు నుంచి నాలుగు గంటలు ఆగి గాని స్కాను తీయరు. నెత్తురులో ఉన్నది కడిగినట్లు పోయి, ఎముకలో ఉన్నదే తేటగా కనబడటానికి ఆ ఆలస్యం. కాబట్టి అన్నం, నీళ్లసీసా, తోడు ఒక మనిషి ఉండాలి. పాత ఎక్స్‌రేలూ కాగితాలూ అన్నీ వెంట ఉండాలి.

ఆ కాగితాల సంగతి ఎందుకంటున్నానంటే, అక్క బొమ్మలో ప్రక్కటెముక దగ్గర ఒక నల్ల మచ్చ, మోకాళ్లలో రెండు మచ్చలు తేలాయి. ఇంట్లో ఏడుపులు మొదలైనాయి. నల్లమచ్చ కనబడితే కాన్సరే అని అర్థం కాదు. ఎముక అక్కడ పనిలో ఉన్నదని మాత్రమే అర్థం. విరిగి అతుక్కుంటున్నా, కీళ్లు అరిగినా మచ్చ పడుతుంది. డాక్టరు "ఎప్పుడైనా పడ్డావా అమ్మా" అని అడిగారట. అంతకు కొన్ని నెలల ముందు ఆమె మిద్దె మెట్లమీదినుంచి జారి పడిన మాట అప్పుడు బయటపడింది. ప్రక్కటెముకకు ఎక్స్‌రే తీస్తే విరిగి అతికిన గుర్తు కనబడింది. జబ్బు ఎముకలకు పాకలేదని రాసిచ్చి, ఆగిపోయిన వైద్యం మళ్లీ మొదలుపెట్టారు.

వచ్చిన రాత్రి మనుమరాలిని పక్క మంచంలో వేసుకున్నదట. మర్నాటి రాత్రి పిల్ల తానే దుప్పటి పట్టుకొని వచ్చింది. నేను పోయినప్పుడు ఆ స్కాను బొమ్మను వెలుతురుకు పట్టి చూపించి, మోకాళ్ల దగ్గరి మచ్చలమీద వేలు పెట్టి, "గివి నాకు ముందుగాల్నె ఎర్కనే గద సారూ, దీనికి పట్నం దాంక పోవాల్నా" అన్నది.